సిల్వర్ జూబిలీకి ముందు ‘ఎవరెక్కడున్నారు’ జాబితా: సరిహద్దు కాలేజీ బ్యాచ్‌లలో విజయాల లెక్క ఎందుకు తప్పుతుంది

సంక్షిప్తంగా: పూర్వ విద్యార్థుల సమ్మేళనానికి ముందు ‘ఎవరు ఏమయ్యారు’ అంటూ ఫోన్లలో తిరిగే సమాచారం బ్యాచ్‌లో కొందరి గురించే ఎక్కువ చెబుతుంది. చెప్పుకోదగ్గది ఉన్నవాళ్లు ముందు చెబుతారు, వాళ్ల కబురే పది మంది నోళ్లలో పడుతుంది. ఒడిశా సరిహద్దు జిల్లాల్లోని తెలుగు బ్యాచ్‌లలో దీనికి ఇంకొన్ని చిక్కులు తోడవుతాయి. ఉద్యోగాల దారులు రెండు రాష్ట్రాల నిబంధనల మధ్య చీలిపోయాయి. ఒకే మనిషి పేరు రెండు మూడు రకాలుగా నమోదై ఉంటుంది. ఒకే హోదాకు చోటును బట్టి విలువ మారుతుంది.

జాబితా ఎలా పుడుతుంది

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం పట్టణాల్లో బ్యాచ్ సమ్మేళనాలకు అనువైన కాలం డిసెంబరు చివరి వారం నుంచి సంక్రాంతి దాకా. ధనుర్మాసంలో పెళ్లి ముహూర్తాలుండవు కాబట్టి ఫంక్షన్ హాళ్లు ఖాళీగా ఉంటాయి. హైదరాబాద్, బెంగళూరు, భువనేశ్వర్‌లలో ఉన్నవాళ్లు పండక్కి ఎలాగూ ఊరొస్తారు. అసలు పని మాత్రం అంతకు నాలుగైదు నెలల ముందు, ఒక వాట్సాప్ గ్రూపుతో మొదలవుతుంది.

ఆ గ్రూపు పెరిగే తీరు గమనించదగ్గది. ఊళ్లోనే ఉండిపోయిన ఇద్దరు ముగ్గురు దాన్ని తెరుస్తారు. వాళ్ల దగ్గర ఎవరి నంబర్లుంటే వాళ్లు ముందు చేరతారు. చేరినవాళ్లు ఇంకో ఇద్దరిని తెస్తారు. రెండో వారానికి ఒక ఫారం వస్తుంది. పేరు, రోల్ నంబరు, సెల్ నంబరు, ఉద్యోగం, హోదా, పిల్లలు ఏం చదువుతున్నారు, చివర ‘జీవితంలో సాధించిన విజయాలు’. మొదటి నాలుగు గడులు అందరూ నింపుతారు. కిరాణా కొట్టు నడిపే మనిషి ‘వ్యాపారం’ అని రాస్తాడు, ఇన్సూరెన్స్ ఏజెంటు ‘ఫైనాన్స్’ అంటాడు. ఇల్లు చూసుకునే ఆవిడ ‘హౌస్‌వైఫ్’ అని కొట్టి, పక్కనే భర్త హోదా చేరుస్తుంది. చివరి గడి దగ్గర చాలామంది ఆగిపోతారు. కొందరు ఫారం మొత్తాన్నే పంపకుండా వదిలేస్తారు. ఒక్క గడి నింపలేక మనిషే జాబితాలోంచి తప్పుకోవడం ఫారం తయారుచేసినవాళ్లు ఊహించని ఫలితం.

పాత రోజుల్లో ఈ కబుర్లు పెళ్లిళ్లలో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద, ఎవరో తెచ్చిన శుభలేఖ వెనక రాసిన అడ్రసు ద్వారా తెలిసేవి. 2004లో మొదలై 2014లో మూతపడిన ఆర్కుట్, ఆ తర్వాత ఫేస్‌బుక్ ఆ పని కొంత చేశాయి. అయినా అవి పట్నాల్లో కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లకే ఎక్కువగా అందాయి. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకయ్యాక మాత్రం కాశీనగర్‌లో మందుల షాపు నడిపేవాడూ, కాలిఫోర్నియాలో ఉన్నవాడూ ఒకే గ్రూపులోకి వచ్చారు. కబురు చేరే వేగం పెరిగింది. అందరి కబురూ ఒకేలా చేరుతోందా అన్నది వేరే సంగతి.

కనిపించేవాళ్లు, కనిపించనివాళ్లు

ఒక ఊహా లెక్క వేసి చూడవచ్చు. బ్యాచ్‌లో 60 మంది. అందులో గొప్పగా చెప్పుకునే స్థాయికి చేరినవాళ్లు 12 మంది, అంటే 20 శాతం. ఆ 12 మందిలో 10 మంది తమ సంగతి గ్రూపులో పెట్టారు. మిగిలిన 48 మందిలో మూడో వంతు, అంటే 16 మంది పెట్టారు. ఇప్పుడు గ్రూపులో వివరాలు కనిపించేది 26 మందివి, అందులో 10 మంది ఘనులు. చూసేవారి కంటికి బ్యాచ్‌లో 38 శాతం మంది ఎక్కడికో వెళ్లిపోయారు. ఎవరూ ఒక్క అబద్ధం ఆడలేదు. అయినా లెక్క దాదాపు రెట్టింపైంది.

రెండో వక్రత పరిచయాల వల్ల వస్తుంది. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త స్కాట్ ఫెల్డ్ 1991లో ఒక విచిత్రాన్ని లెక్క గట్టి చూపించాడు. సగటున మనిషికి అతని స్నేహితులకున్నంత మంది స్నేహితులుండరు. పరిచయాలు ఎక్కువున్న మనిషి ఎక్కువ మంది జాబితాల్లో ఉంటాడు కాబట్టి అలా జరుగుతుంది. కాలేజీ బ్యాచ్‌కి దీన్ని అన్వయిస్తే, నలుగురితో కలిసి తిరిగి ఎన్నికల్లో నిలబడ్డ కుర్రాడి కబురు నలభై మందికి తెలుస్తుంది. వెనక బెంచీలో కూర్చుని సాయంత్రం ప్యాసింజర్‌కి వెళ్లిపోయిన డే స్కాలర్ కబురు ఇద్దరికి తెలిస్తే గొప్ప. ఈ ప్రాంతపు కాలేజీల్లో డే స్కాలర్ల సంఖ్య తక్కువేం కాదు. బరంపురానికి ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచీ, పర్లాకిమిడికి పాతపట్నం నుంచీ రోజూ వచ్చి చదువుకున్నవాళ్లున్నారు.

మూడోది పోల్చుకునే మనిషి స్వయంగా చేసే పొరపాటు. గ్రూపు చదివేటప్పుడు ఒకరి జీతం, ఇంకొకరి ఇల్లు, మరొకరి కూతురి మెడికల్ సీటు, వేరొకరి విదేశీ ప్రయాణం విడివిడిగా కళ్లబడతాయి. బుర్రలో అవన్నీ కలిసి ఒకే మనిషిగా తయారవుతాయి. అలాంటి మనిషి హాజరు పట్టీలో ఎక్కడా లేడు. జీతం బాగున్నవాడికి ఇల్లు ఇంకా అద్దెదే కావచ్చు, ఇల్లు కట్టినవాడి కొడుకు లాంగ్ టర్మ్ కోచింగ్‌లో రెండో ఏడాది కూర్చుని ఉండవచ్చు.

పట్టికలో పైన ఉండే ఒక్క పేరు

కాలేజీ స్థాయిలోనూ ఇదే జరుగుతుంది. బరంపురంలో 1894లో పుట్టి, ఖల్లికోట కాలేజీలో చదివి, 1969 నుంచి 1974 వరకు రాష్ట్రపతిగా ఉన్న వి.వి. గిరి పేరు ఆ కాలేజీ పూర్వ విద్యార్థుల పట్టికలో మొదట రావడం సహజం. ఒక విద్యాసంస్థ ఘనత చెప్పడానికి అది సరిపోతుంది. ఒక బ్యాచ్ సగటు చెప్పడానికి ఏమాత్రం పనికిరాదు. సావనీర్లు మాత్రం ఈ రెండు పనులూ కలిపేస్తుంటాయి.

సరిహద్దు వేసిన దారులు

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి గంజాంలో ఎక్కువ భాగం, కొరాపుట్ ప్రాంతం అటు కలిశాయి. పర్లాకిమిడి జమీ రెండుగా చీలింది. పట్నం ఒడిశాకు వెళ్లింది, కొన్ని ఊళ్లు మద్రాసు వైపే మిగిలాయి. గజపతి, రాయగడ జిల్లాలు 1992లో ఏర్పడ్డాయి. ఈ గీతలు భూమి మీదే కాక ఉద్యోగ నోటిఫికేషన్లలో కూడా పడ్డాయి. ఒక బ్యాచ్‌లో ఎవరు ఎటు వెళ్లారన్నది అర్థం కావాలంటే ఆ నిబంధనలు చూడాలి.

ఒడిశా ప్రభుత్వోద్యోగానికి ఒడియా చదవడం, రాయడం, మాట్లాడడం రావాలి. మిడిల్ స్కూలు స్థాయిలో ఒడియా ఒక భాషగా పాసై ఉండాలి, లేదా దానికి సమానమైన పరీక్ష రాయాలి. తెలుగు మీడియం బడిలో చదువుకుని ఒడియాను పైపైన నేర్చుకున్న పిల్లలకు ఇది మొదటి గేటు. గీత దాటి ఇటు వస్తే రెండో గేటు. రాజ్యాంగంలోని 371డి అధికరణం కింద 1975లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ‘స్థానిక అభ్యర్థి’ అనేది ప్రధానంగా చదివిన చోటును బట్టి తేలుతుంది. బరంపురంలో చదువుకున్న తెలుగు పిల్లవాడు సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలోని ఇచ్ఛాపురంలో స్థానికేతరుడు. ఇంట్లో తెలుగు, ఊళ్లో తెలుగు బంధువులు, రికార్డులో మాత్రం పరాయివాడు. ఇప్పుడు సిల్వర్ జూబిలీలు చేసుకుంటున్న బ్యాచ్‌లు ఉద్యోగాలు వెతుక్కున్న రోజుల్లో రెండు గేట్లూ ఉన్నాయి.

కాబట్టి ఈ బ్యాచ్‌లలో ఈ రెండు గేట్లతో పనిలేని దారులు నిండుగా ఉంటాయి. రైల్వే, బ్యాంకులు, ఎల్ఐసీ, తపాలా, సైన్యం. ప్రభుత్వ రంగ సంస్థల్లో సునాబెడ హెచ్ఏఎల్, దమన్‌జోడి నాల్కో, ఛత్రపురం దగ్గర ఐఆర్ఈ (ఇండియన్ రేర్ ఎర్త్స్), విశాఖ ఉక్కు. ప్రైవేటు రంగంలో రాయగడ దగ్గర జేకే పేపర్ మిల్లు. ఆ తర్వాత 1990ల చివర తెరుచుకున్న సాఫ్ట్‌వేర్ దారి. దీనికి భిన్నంగా శ్రీకాకుళం వైపు అదే వయసు డిగ్రీ బ్యాచ్‌లలో టీచరుద్యోగాలు, గ్రూపు సర్వీసులు గట్టిగా కనిపించడానికి కారణం అక్కడి పిల్లలకు డీఎస్సీ దారి మూసి లేకపోవడమే. పక్కపక్క పట్నాల బ్యాచ్‌లను ‘మీ దాంట్లో ఎంతమంది గెజిటెడ్’ అని పోల్చుకోవడంలో ఈ తేడా కొట్టుకుపోతుంది.

పేరు దొరకదు

అందరినీ వెతికి పట్టుకోవడం ఇక్కడ మామూలు కంటే కష్టం. తెలుగు రివాజులో ఇంటిపేరు ముందుంటుంది, అదీ ఒక అక్షరంగానే. కాలేజీ రిజిస్టరులో ‘టి. అప్పారావు’ అని ఉన్న మనిషి ఒడిశా ఆఫీసులో ఇంటిపేరు చివరికి వెళ్లి వేరేలా నమోదవుతాడు. పాస్‌పోర్టులో ఇంకోలా ఉంటాడు. ‘రావు’ ఇంటిపేరనుకుని కార్పొరేట్ కంపెనీ అతన్ని ‘మిస్టర్ రావు’ చేసేస్తుంది. లింక్డిన్‌లో అప్పారావుల మధ్య ఈ అప్పారావును గుర్తుపట్టడానికి ఫొటో తప్ప ఆధారం లేదు, ఆ ఫొటోలో జుట్టు లేదు. పెళ్లి తర్వాత ఇంటిపేరు మారిన ఆడవాళ్ల సంగతి ఇంకా కష్టం. బ్యాచ్‌లో సగం మంది అమ్మాయిలున్నా ‘దొరకనివాళ్ల’ జాబితాలో ఎక్కువ పేర్లు వాళ్లవే కావడం ఇందుకే. స్కూలు ప్రిన్సిపాలైన సహాధ్యాయిని ఎవరికీ కనబడకపోవచ్చు. పాత పేరుతో వెతికితే ఆమె లేదు మరి.

లిపి మరో అడ్డు. గ్రూపులో మాట తెలుగు, రాత మూడు రకాలు. ఒడియా బడుల్లో చదివినవాళ్లకు తెలుగు మాట్లాడడమే కానీ చదవడం రాదు. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు ఏళ్ల తరబడి ఉండి పనిచేసిన ఊరు పర్లాకిమిడి. అదే ప్రాంతపు గ్రూపుల్లో తెలుగు లిపిలో ఆహ్వానం పెడితే ‘ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టండి’ అని బదులొస్తుంది. ఎక్కువమంది వాయిస్ మెసేజీలకు దిగుతారు. ‘ఏటి బావూ, ఎక్కడున్నావు ఇప్పుడు?’ అని అడిగితే నిమిషంన్నర జవాబు. అందులో ఉన్న సంగతి తర్వాత వెతికితే దొరకదు, ముక్కలుగా మాత్రమే పక్కవాళ్లకు చేరుతుంది. ‘సింగపూర్ వెళ్లొచ్చాడు’ అన్నది మూడో నోటికి ‘సింగపూర్‌లో ఉంటాడు’ అయిపోవడానికి ఇంతకంటే అనువైన ఏర్పాటు లేదు.

హోదా ఒకటే, విలువ వేరు

ఫారంలో ‘లెక్చరర్’ అని రాసిన ముగ్గురిని తీసుకుందాం. ఒకరు ప్రభుత్వ కాలేజీలో యూజీసీ స్కేలు మీద ఉన్నారు. ఒకరు ఒడిశాలో బ్లాక్ గ్రాంట్ (ప్రభుత్వం పూర్తి జీతం కాక ఒక నిర్ణీత మొత్తమే ఇచ్చే) కాలేజీలో ఉన్నారు. మూడో మనిషి ఆంధ్రాలో కాంట్రాక్టు లెక్చరర్. చదువు ఒకటే, చెప్పే పాఠం ఒకటే, నెలకు చేతికొచ్చేది మాత్రం ఒకదానికొకటి పొంతన లేనిది. బ్యాంకుల్లో కొంత స్పష్టత ఉంది. ప్రభుత్వ రంగ బ్యాంకులో స్కేల్ 1 అసిస్టెంట్ మేనేజర్, స్కేల్ 2 మేనేజర్, స్కేల్ 4 చీఫ్ మేనేజర్, స్కేల్ 5 ఏజీఎం (అసిస్టెంట్ జనరల్ మేనేజర్). గ్రూపులో మాత్రం అందరూ ‘బ్యాంక్ మేనేజర్’లే. ఆర్థిక సేవల ప్రైవేటు కంపెనీల్లో వైస్ ప్రెసిడెంట్ అనేది తరచూ మధ్య స్థాయి హోదా. ఆ రంగం తెలియనివారికి అది కంపెనీలో రెండో కుర్చీలా వినిపిస్తుంది. డాలర్ జీతాన్ని రూపాయల్లోకి మార్చి చెప్పేవాళ్లు అక్కడి అద్దెను, ఇన్సూరెన్సును మార్చి చెప్పరు.

ఇందులో మోసం పాలు తక్కువ. ఫారంలో గడి చిన్నది, రాసేవారు ఒక్క మాటలో రాయాలి, చదివేవారికి ఆ మాట వెనకున్న మెట్లు తెలియవు.

పోలిక ఎక్కడ గుచ్చుకుంటుంది

మనిషి తనను తాను ఎవరితో పోల్చుకుంటాడన్న ప్రశ్నకు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త లియోన్ ఫెస్టింగర్ 1954లో ఇచ్చిన జవాబు ఇప్పటికీ పనికొస్తుంది. దూరపు గొప్పవాళ్లతో కంటే, తనలాంటివాళ్లతోనే మనిషి ఎక్కువగా పోల్చుకుంటాడు. ఆ లెక్కన సహాధ్యాయి కంటే తగిన కొలబద్ద దొరకదు. ఒకే వయసు, ఒకే మాస్టార్లు, ఒకే కాంటీన్‌లో ఒకే అప్పు ఖాతా. అంబానీ ఆస్తి పెరిగిందంటే నిద్ర పాడుచేసుకోని మనిషి, పక్క బెంచీవాడు భువనేశ్వర్‌లో రెండో ఫ్లాట్ కొన్నాడంటే లెక్కలు వేస్తాడు.

అయితే అందరి గెలుపూ ఒకేలా తగలదు. మరో మనస్తత్వ శాస్త్రవేత్త అబ్రహాం టెస్సర్ 1980లలో ప్రతిపాదించిన నమూనా ఇక్కడ బాగా అతుకుతుంది. దగ్గరి మనిషి, మనకు ముఖ్యమైన రంగంలోనే మనల్ని దాటితే బాధ. అదే మనిషి మనకు సంబంధం లేని రంగంలో పైకొస్తే గర్వం. కెమిస్ట్రీ లెక్చరర్‌కు సహాధ్యాయి ఒడిస్సీ నర్తకి అయితే ‘మా బ్యాచ్‌మేటే’ అని నలుగురికీ చెప్పుకోవడం హాయి. అదే మనిషి కెమిస్ట్రీలో ప్రొఫెసరైతే అభినందన మెసేజీ ఒక పూట ఆలస్యంగా వెళ్తుంది. సమ్మేళనానికి ముందు గ్రూపులో ఎవరి పోస్టుకు ఎవరు ఎంత త్వరగా చప్పట్ల బొమ్మ పెట్టారో చూస్తే ఈ సిద్ధాంతానికి వేరే రుజువు అక్కర్లేదు.

తనను అందరూ కొలుస్తారన్న భయం మాత్రం అవసరానికి మించినది. మనస్తత్వ శాస్త్రవేత్త థామస్ గిలోవిచ్ బృందం 2000లో ప్రచురించిన ప్రయోగంలో, ఇబ్బందిపెట్టే బొమ్మ ఉన్న టీషర్టు వేసుకుని గదిలోకి వెళ్లిన విద్యార్థులు దాన్ని దాదాపు సగం మంది గమనించి ఉంటారనుకున్నారు. గమనించింది పావు వంతు మంది. సమ్మేళనంలో ప్రతి ఒక్కరూ తన పొట్ట గురించి, తన హోదా గురించి ఆలోచించుకుంటూ ఉంటారు కాబట్టి ఎదుటివారిని చూసే తీరిక అంతంతే.

పదేళ్లకు ఒక కొలత, పాతికేళ్లకు ఇంకోటి

ఏది విజయం అన్నది కూడా స్థిరంగా ఉండదు. డిగ్రీ అయిన పదేళ్లకు కలిస్తే వయసు 30 దాటి ఉంటుంది. అప్పుడు ప్రశ్నలు ఉద్యోగం, పెళ్లి, విదేశం. పాతికేళ్లకు 46 ఏళ్ల దగ్గర కొలత సగం పిల్లల మీదికి మారుతుంది. నీట్‌లో ఎంత, జేఈఈలో ఎంత, ఏ ఎన్ఐటీ. బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో కూతురికి సీటొచ్చిన గుమాస్తా ఆ ఏడాది బ్యాచ్‌లో డీజీఎం కంటే పైమెట్టు మీద ఉంటాడు. నలభై ఏళ్లకు పెన్షన్, మనవలు, స్టెంట్లు. పాతికేళ్ల సమ్మేళనంలోనే పోలిక ఎక్కువ పదునుగా ఉండడానికి కారణం ఉంది. ఉద్యోగంలో ప్రమోషన్లు ఇంకా తేలలేదు, పిల్లల ఫలితాలు అప్పుడే వస్తున్నాయి. రెండు పందేలు ఒకేసారి నడుస్తుంటాయి.

స్కూలు బ్యాచ్‌లతో పోలిస్తే మరో తేడా తెలుస్తుంది. పదో తరగతి బ్యాచ్‌లో ఒకరి ఇల్లు, తల్లిదండ్రులు, పొలం మరొకరికి తెలుసు. కబురు ఊరి ద్వారా వస్తుంది, ఊరు ఎక్కువతక్కువలు సరిచేస్తుంది. కాలేజీ బ్యాచ్‌లో మూడేళ్ల పరిచయమే కాబట్టి మనిషి తన గురించి తాను చెప్పిందే ఆధారం. అందుకే ఒకే మనిషి స్కూలు గ్రూపులో ‘వైజాగ్‌లో పని’ అని, కాలేజీ గ్రూపులో పూర్తి హోదాతో కనిపిస్తాడు.

ఎవరు రారు

ఈ జాబితా ప్రభావం ముందుగా హాజరు మీద పడుతుంది. చందా స్లాబులు పెట్టి, ‘దాతలు’ అని పేర్లు విడిగా వేసిన చోట, తక్కువ ఇవ్వగలిగినవారు డబ్బు పంపి ముఖం చాటేస్తారు, లేదా గ్రూపులోంచే వెళ్లిపోతారు. వ్యాపారం దెబ్బతిన్నవారు, విడాకులైనవారు, పిల్లలు లేనివారు ‘లీవు దొరకలేదు’ అంటారు. ఆ సాకును ఎవరూ తరచి చూడరు, చూడనక్కర్లేదు కూడా. వేదిక మీద హోదా ప్రకారం పిలిచి శాలువాలు కప్పే పద్ధతి ఉంటే రెండో సమ్మేళనానికి సంఖ్య తగ్గే ముప్పు ఎక్కువ. రోల్ నంబరు వరసలో పిలిచే నిర్వాహకులకు ఈ చిక్కు తక్కువ. ఒకటో నంబరు కుర్రాడు అప్పుడూ ఒకటో నంబరే, అందులో ఎవరి ప్రమేయమూ లేదు. ఫారంలోంచి చివరి గడి తీసేసి ‘ప్రస్తుతం ఉంటున్న ఊరు’, ‘రక్తం గ్రూపు’ చేర్చితే ఫారం వెనక్కి పంపడానికి వెనకాడేవారూ తగ్గుతారు.

ఎవరు ఏ ఊళ్లో ఉన్నారో తెలియడం ఎందుకు పనికొస్తుందో ఒక పాత పరిశోధనను బట్టి ఊహించవచ్చు. సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెట్టర్ 1973లో ప్రచురించిన అధ్యయనం కోసం మసాచుసెట్స్‌లోని న్యూటన్ పట్టణంలో ఉద్యోగం మారినవారిని, ఆ ఉద్యోగం సంగతి ఎవరి ద్వారా తెలిసిందని అడిగాడు. పరిచయస్తుల ద్వారా ఉద్యోగం దొరికినవారిలో తరచూ కలిసే మనిషి చెబితే తెలిసింది 16.7 శాతానికే. మిగతావారికి అప్పుడప్పుడు కలిసేవారు, లేదా చాలా అరుదుగా కలిసేవారు చెప్పారు. పాత సహాధ్యాయి సరిగ్గా ఆ అరుదుగా కలిసే రకం. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్‌ల నుంచి పెద్ద జబ్బు వస్తే చాలామంది విశాఖ రైలెక్కుతారు. అక్కడి ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌లో ఏ ఓపీ ఏ వారమో, ఏ గేటు దగ్గర దిగాలో, ఒడిశా చిరునామా ఉన్న కార్డు అక్కడ పనిచేస్తుందో లేదో చెప్పే మనిషి కావాలి. సమ్మేళనం అయిపోయిన ఆరు నెలలకు, అర్ధరాత్రి పలాస దాటిన రైల్లోంచి ఎవరో ఆ ఫైలు తెరిచి, ‘ఉంటున్న ఊరు’ గడిలో విశాఖపట్నం అని ఉన్న పేర్ల కోసం వెతుకుతారు. ఆ పక్కనున్న హోదా గడి ఫోన్ తెరలో పట్టక కుడివైపుకు జరిగిపోయి ఉంటుంది.